విత్తనాల కుండ



మా ఇంటిలో ఒక జబ్బు ఉన్నది. దాని పేరు హిమోఫీలియా. దెబ్బ తగిలితే అందరికీ రక్తము కారుతుంది, కాసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. ఈ జబ్బు ఉన్నవారికి త్వరగా ఆగదు. పైకి కనబడే గాయము కంటె లోపల మోకాళ్ళలో, మోచేతులలో, కండరములలో కారే రక్తమే వారిని ఎక్కువగా బాధపెడుతుంది. ఈ నాలుగు మాటలు నలుగురిలో చెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళకు పైగా పట్టినది. ఎందుకు పట్టినదో, చివరికి ఎందుకు చెప్పవలసి వచ్చినదో మీతో పంచుకొందామని వ్రాస్తున్నాను.

1983లో నాకు పదమూడేళ్ళు, మా తమ్మునికి తొమ్మిదేళ్ళు. వానికి ఎప్పుడూ ఏదో ఒక మోకాలు వాచి ఉండేది. అమ్మ ఆముదము రాసి గుడ్డ కట్టేది. ఒక సాయంత్రము చింతచెట్టు ఎక్కి జారిపడ్డాడు. తలకు చిన్న బొప్పి కట్టినది, అంతే. రాత్రికి వాంతులు పట్టుకొన్నవి. బండి కట్టుకొని పట్నము చేరేలోపే మా ఒడిలోనే కన్నుమూశాడు. జబ్బు పేరు కూడా ఆ తరువాతనే, పాత చీటీలు చూసిన ఒక డాక్టరు గారి నోట విన్నాము.

మా ఊరిలో కొందరు అది ఆ ఇంటి పాపమన్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు ప్రభువును ఏమి అడిగారో మీకు తెలుసు. ఆయన ఇచ్చిన జవాబును మా ఊరు ఆదివారము విని సోమవారము మరచిపోయేది. మా అమ్మ మాత్రము ఆ నింద మోస్తూనే ముసలిదైనది.

1992లో నాకు సంబంధము కుదిరినది. మా నాన్నగారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, “పిల్లవాడు చెట్టుమీదనుండి పడి పోయాడని చెప్పండి. అంతకు మించి ఒక్క మాట వద్దు” అన్నారు. అందరము తల ఊపాము. నేనూ ఊపాను.

1996లో మాకు బాబు పుట్టాడు. ప్రాకడము మొదలుపెట్టేసరికి మోకాళ్ళ మీద నల్లటి కమిలిన మచ్చలు వచ్చినవి. నేను పిల్లవానిని కొడుతున్నానని మా అత్తగారు అనుకొన్నది. పట్నములో డాక్టరు గారు పరీక్ష చేయించి, “అమ్మా, మీ పుట్టింటిలో మగపిల్లలకు ఎవరికైనా రక్తము ఆగని జబ్బు ఉన్నదా?” అని అడిగారు. నేను తల వంచుకొన్నాను. మావారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాని నెల దినములు నాతో మాట్లాడలేదు. రెండవ బిడ్డను కనడానికి మాకు ధైర్యము చాలలేదు.

బాబుకు ఉన్నది హిమోఫీలియా-ఎ. రక్తము గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదవ ఫ్యాక్టర్ వాని ఒంటిలో తయారు కాదు. బయటినుండి సూదిమందుగా ఎక్కించాలి. ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తున్నారు గాని, ఆ రోజులలో కొనవలసినదే. మాకున్న రెండెకరాలలో ఒక ఎకరము దానికే పోయినది. ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. అయినా డిగ్రీ చదివాడు. మండలములో ఒక కంప్యూటరు సెంటరులో పని చేస్తున్నాడు.

2025 జనవరిలో వానికి ఒక సంబంధము వచ్చినది. మంచి కుటుంబము, చదువుకొన్న పిల్ల. సరిగ్గా అదే సమయములో మా అన్నయ్య ఒక వార్తాపత్రిక పట్టుకొని వచ్చాడు.

“చెల్లెమ్మా, ఇదిగో చూడు. వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో ఈ జబ్బుకు జన్యు చికిత్స చేశారట. ఐదుగురికి చేస్తే ఐదుగురికీ రక్తము కారడము ఆగిపోయినదట. మనవాడికీ ఎప్పుడో ఒకప్పుడు చేయిస్తాము. వేళ్ళతో సహా పోయే జబ్బు. పోయేదాని గురించి పిల్లవారికి చెప్పి సంబంధము చెడగొట్టుకోవడమెందుకు?”

వెల్లూరు అనే పేరు మన ఇళ్ళలో ఎంత పనిచేస్తుందో చెప్పనక్కరలేదు. కాట్పాడిలో రైలు దిగి ఆ ఆసుపత్రికి వెళ్ళివచ్చినవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. నాకు ఆ మాట తేనె త్రాగినట్లు ఉన్నది. మా నాన్నగారి మాటకు ఊపినట్లే అన్నయ్య మాటకూ తల ఊపాను. ఒప్పుకొంటున్నాను.

బాబు మాత్రము, “మావయ్యా, నాకు పోతే నాకు పుట్టబోయే పిల్లలకు కూడా పోతుందా?” అని అడిగాడు.

“తండ్రికి లేని జబ్బు బిడ్డకు ఎట్లా వస్తుందిరా?” అన్నాడు అన్నయ్య.

వినడానికి సబబుగానే ఉన్నది. కాని బాబు ఒప్పుకోలేదు. మరుసటి వారము నన్ను వెంటబెట్టుకొని, చాలా కాలముగా వానిని చూస్తున్న డాక్టరమ్మ గారి దగ్గరకు వెళ్ళాడు.

ఆమె వార్త నిజమేనన్నారు. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒక పెద్ద వైద్య పత్రికలో అది వచ్చినదట. 22 నుండి 41 ఏళ్ళ వయసుగల ఐదుగురు పురుషులు. వారి రక్తమునుండి మూలకణములను తీసి, కీడు చేయకుండా మార్చిన ఒక వైరసును బండిగా చేసి, అందులో ఎనిమిదవ ఫ్యాక్టర్‌ను తయారుచేసే మంచి జన్యువును ఎక్కించి, ఆ కణములను తిరిగి వారి ఒంటిలోనికే పంపారు. వాటికి ఎముక మజ్జలో చోటు దొరకడానికి ముందుగా తీవ్రమైన మందులు కూడా ఇచ్చారు. ఐదుగురినీ గమనించిన కాలమును కలిపి లెక్కిస్తే 81 నెలలు. ఆ కాలములో ఒక్కరికీ రక్తస్రావము కాలేదు. నేను కళ్ళు తుడుచుకొన్నాను. మా తమ్ముడు గుర్తుకు వచ్చాడు.

“ఇంకా ఇది అందరికీ దొరికే వైద్యము కాదు. పరీక్షలు జరుగుతున్నవి” అన్నారు డాక్టరమ్మ గారు. అప్పుడు బాబు తన ప్రశ్న అడిగాడు.

ఆమె నా వైపు తిరిగి, “అమ్మా, మీరు వరి పండిస్తారా?” అన్నారు.

“పండిస్తామండి.”

“విత్తనాలకు వడ్లు విడిగా తీసిపెడతారు కదా?”

“విడిగా కుండలో పోసి మూత పెడతామండి.”

“సరే. తిండి బియ్యములో ఎర్రగింజలు వచ్చినవి. చేటలో పోసుకొని ఒక్కటి కూడా లేకుండా ఏరారు. అన్నము తెల్లగా ఉడికినది. విత్తనాల కుండ మూత మాత్రము తీయలేదు. వచ్చే ఏడు పంటలో ఎర్రగింజలు ఉంటాయా, ఉండవా?”

“ఉంటాయమ్మా” అన్నాను. అన్న తరువాత నాకు అర్థమైనది.

మన దేహములో కణములు రెండు రకములట. రక్తము, కాలేయము, కండ, చర్మము, ఇవన్నీ శరీర కణములు. మనతో పుట్టి మనతోనే పోతాయి. రెండవవి బీజ కణములు. పురుషునిలో వీర్యకణములుగా, స్త్రీలో అండములుగా మారేవి అవే. బిడ్డకు చేరేది వాటిలోనిది మాత్రమే. ఇప్పుడు చేస్తున్న జన్యు చికిత్స అంతా శరీర కణములకే. వెల్లూరులో రక్తపు మూలకణములకు చేశారు. ఐరోపాలో 2022లోను, అమెరికాలో 2023లోను అనుమతి పొందిన మరొక మందు కాలేయ కణములలోనికి వెళ్తుంది. రెండింటిలో ఏదీ విత్తనాల కుండను ముట్టదు. ముట్టకూడదనే వైద్యులు జాగ్రత్తపడతారు.

2001లో అమెరికాలో హిమోఫీలియా-బి రోగులకు ఇటువంటి చికిత్సను పరీక్షిస్తూ ఉండగా, ఒకరి వీర్యములో ఆ బండి వైరసు ఆనవాళ్ళు కనబడినవట. వెంటనే పరీక్షను ఆపివేశారు. అవి కొంతకాలమే ఉండి మాయమైపోయినవని, బీజకణములలో చేరినట్లు లేదని తేలిన తరువాతనే ముందుకు సాగారు. అందుకే ఇటువంటి చికిత్స పొందిన పురుషులను కొంతకాలము పిల్లలను కనవద్దని చెబుతారట.

ఇంతకూ ఇది మనకు తెలియని సంగతి కాదు. మన ఇళ్ళలో తరతరములుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాము. కుట్టిన చెవులతో ఒక్క పిల్లయినా పుట్టినదా? అబ్రాహాము సంతతివారు ప్రతి తరములోను మగబిడ్డకు ఎనిమిదవ దినమున సున్నతి చేయవలసి వచ్చినది. తండ్రికి జరిగినది కొడుకుకు పుట్టుకతో రాలేదు. వైస్‌మాన్ అనే జర్మనీ శాస్త్రవేత్త 1880ల నాటి పరిశోధనలో ఎలుకల తోకలు కత్తిరిస్తూ అనేక తరములు చూశాడు. పుట్టిన ప్రతి పిల్లా తోకతోనే పుట్టినది. శరీరమునకు చేసినది బీజమునకు చేరదని ఆయన చెప్పాడు.

డాక్టరమ్మ గారు ఒక తెల్లకాగితము తీసుకొని గీసి చూపించారు. ఈ జబ్బు జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీకి రెండు ఎక్స్‌లు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. నాకున్న రెండింటిలో ఒకటి చెడ్డది. మంచిది ఒకటి ఉన్నందున నాకు జబ్బు లేదు గాని, నా బిడ్డకు చెడ్డది వెళ్ళే అవకాశము సగానికి సగము. నావంటివారిని వాహకురాలు, అంటే క్యారియర్ అంటారు. బాబుకు ఉన్నది ఒకటే ఎక్స్, అదీ చెడ్డదే. వానికి పుట్టే కొడుకులందరికీ వాని వై వెళ్తుంది. కనుక వాని నుండి వారికి జబ్బు రాదు. కూతుళ్ళందరికీ వాని ఎక్స్ వెళ్తుంది. కనుక ప్రతి కూతురూ వాహకురాలే. వానికి జన్యు చికిత్స జరిగినా ఈ లెక్కలో ఒక్క గీత కూడా మారదు.

“అంటే, నేను బాగుపడినా నా కూతురు అమ్మలాగే అవుతుంది” అన్నాడు బాబు నెమ్మదిగా. నాకు నోట మాట రాలేదు. 1992లో తల ఊపిన ఆ గది నా కళ్ళముందు నిలిచినది.

ఇంటికి వచ్చిన తరువాత బాబు ఇంగ్లండు రాజకుటుంబపు చరిత్ర చదివి వినిపించాడు. విక్టోరియా రాణి వాహకురాలు. ఆమె కుమారుడు లియోపోల్డుకు ఈ జబ్బు ఉండేది. 1884లో జారిపడిన దెబ్బతో మరణించాడు. అప్పటికి ఆయనకు ఆలిస్ అనే ఏడాది కూతురు ఉన్నది. ఆయన పోయిన కొద్ది నెలలకు కొడుకు పుట్టాడు. కొడుకుకు జబ్బు లేదు. కూతురు ఆలిస్ మాత్రము వాహకురాలు. ఆమె కుమారుడు రూపర్టు ఈ జబ్బుతోనే పుట్టి, 1928లో కారు ప్రమాదములో గాయపడి చనిపోయాడు. రష్యా చక్రవర్తి కుమారుడు అలెక్సీకి కూడా ఇదే కుటుంబమునుండి వచ్చినది. అది హిమోఫీలియా-బి అని 2009లో ఎముకలను పరీక్షించి తేల్చారు. “అమ్మా, లియోపోల్డుకు ఆ రోజులలోనే వెల్లూరు వైద్యము జరిగి, ఆయన ఎనభై ఏళ్ళు సుఖముగా బ్రతికాడనుకో. ఆలిస్ వాహకురాలు కాకుండా ఉండేదా? రూపర్టుకు జబ్బు రాకుండా ఉండేదా?” అన్నాడు. ఉండేది కాదు. రాజైనా రైతైనా ఈ లెక్క ఒకటే.

నేను మరొకసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ గారిని ఒక మాట అడిగాను. “అమ్మా, ఆ విత్తనాల కుండనే బాగుచేయరాదా? ఒక్కసారి చేస్తే తరతరములకూ పీడ విరగడ అవుతుంది కదా.”

తల్లినైన నాకు ఆ ఆశ కలగడము తప్పు కాదని ఆమె అన్నారు. కాని చైనాలో జరిగినది చెప్పారు. 2018 నవంబరులో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త తల్లి కడుపులోనికి పంపకముందే పిండములలో జన్యువు మార్చాననీ, కవల ఆడపిల్లలు పుట్టారనీ ప్రకటించాడు. తండ్రికి హెచ్.ఐ.వి. ఉన్నందున పిల్లలకు అది అంటకుండా చేయాలని అతని ఉద్దేశమట. లోకములోని శాస్త్రవేత్తలు మెచ్చుకోలేదు సరిగదా, తీవ్రముగా ఖండించారు. మార్పు అనుకొన్నట్లుగా రాలేదు, అన్ని కణములలోను ఒకే విధముగా జరిగినట్లూ లేదు. 2019 డిసెంబరులో అక్కడి న్యాయస్థానము అతనికి మూడేళ్ళ జైలు శిక్ష విధించినది. మన దేశములో కూడా 2019లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి నిబంధనలు బీజ కణముల మీద జన్యు చికిత్సను నిషేధించినవి.

“మీ అబ్బాయికి చికిత్సలో పొరపాటు జరిగితే అది అతనితో ఆగిపోతుంది. పైగా అతడు పెద్దవాడు, అన్నీ విని సంతకము చేస్తాడు. కుండలో పొరపాటు చేస్తే ఇంకా పుట్టని మనుమలు, మునిమనుమలు మోస్తారు. వారిని అడిగేదెవరు?” అన్నారామె.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాగుచేయాలనే ఆశ మంచిదే అయినా, పుట్టబోయేవారి తరఫున మనము తొందరపడి నిర్ణయించకూడదని ఆమె అంటున్నది. మరి నేను, మా అన్నయ్య చేయబోయినది ఏమిటి? పుట్టబోయే ఒక ఆడపిల్ల భారమును ఆమె తల్లికి చెప్పకుండా నిర్ణయించడమే కదా. నన్ను అట్లాగే పంపారు. నేనూ అట్లాగే తెచ్చుకోబోతున్నాను.

మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత పిల్లవారి ఇంటికి వెళ్ళాము. బాబే అంతా చెప్పాడు. కాగితము చూపించాడు. పిల్ల తండ్రిగారు ఓపికగా విన్నారు. నాలుగు దినముల తరువాత ఫోను చేసి, “వద్దనుకొంటున్నామండి. దాచకుండా చెప్పినందుకు మాత్రము వందనాలు” అన్నారు. అన్నయ్య కోపముతో రెండు నెలలు మా గడప త్రొక్కలేదు. నేను ఏడ్చాను. బాబు మాత్రము, “అమ్మా, ఈ రాత్రి నాకు భయము లేకుండా నిద్ర పడుతుంది” అన్నాడు.

మే నెలలో మరొక సంబంధము వచ్చినది. ఈసారి కాఫీలు త్రాగకముందే కాగితము బల్లమీద పెట్టాము. పిల్ల ఒక బడిలో టీచరు. ఆమె కాగితమును రెండుసార్లు చదివి, బాబును ఒకే ఒక్క మాట అడిగినది: “మనకు ఆడపిల్ల పుడితే ఈ సంగతి ఆమెకు ఎప్పుడు చెబుతారు?”

“అర్థము చేసుకొనే వయసు రాగానే. ఇదే కాగితము చూపిస్తాను” అన్నాడు.

ఆమె, వాళ్ళ అమ్మగారు కూడా డాక్టరమ్మ గారి దగ్గరకు వచ్చి తమ సందేహములన్నీ అడిగి తెలుసుకొన్నారు. ఆగస్టులో వివాహము జరిగినది. ఇది వ్రాసే సమయానికి మా కోడలికి అయిదవ నెల. ఆడపిల్లో మగపిల్లవాడో ముందుగా చెప్పడము చట్టరీత్యా నేరము. మేము అడగలేదు. మగపిల్లవాడైతే ఈ జబ్బు మా వంశములో ఆ కొమ్మకు రాదు. ఆడపిల్ల అయితే నాకు తోడు వస్తుంది. కాని నాకు తెలియనివి ఆమెకు తెలుస్తాయి.

బాబుకు ఇంకా జన్యు చికిత్స జరగలేదు. అవకాశము వచ్చిన దినమున తప్పక ముందుకు వెళ్తాడు. అది వాని మోకాళ్ళ కొరకు, వాని ప్రాణము కొరకు. దానిని తక్కువగా చూడడము లేదు.

ప్రియ చదువరులారా, మీ ఇంటిలో గాని బంధువులలో గాని ఈ జబ్బు ఉంటే నా విన్నపములు కొన్ని. రోగియైన పురుషుని అక్కచెల్లెళ్ళు వివాహమునకు ముందే రక్తపరీక్ష చేయించుకొని తాము వాహకులో కాదో తెలుసుకోవాలి. వాహకులలో కొందరికి కూడా ఫ్యాక్టర్ తక్కువగా ఉండి కాన్పులో రక్తస్రావము ఎక్కువ కావచ్చు. కనుక కాన్పు చేసేవారికి ముందుగా చెప్పాలి. తల్లిని నిందించకండి. దాదాపు మూడవ వంతు మందికి వంశములో ఎవరికీ లేకుండానే ఈ జబ్బు వస్తుంది. చికిత్సతో బాగుపడిన తండ్రి కూతురు వాహకురాలేనని మరువకండి. మన మగపిల్లవాడు బాగుపడ్డాడని చెప్పి నోరు మూసుకొంటే, దెబ్బ తగిలేది అతని కూతురి కొడుకుకు.

చివరిగా ఒక మాట. మా పుట్టింటి పెద్ద బైబిలు మొదటి పేజీలో పుట్టినవారి పేర్లు, పోయినవారి తేదీలు వరుసగా వ్రాసి ఉంటాయి. అది ఇప్పుడు అన్నయ్య దగ్గర ఉన్నది. క్రిందటి నెల వెళ్ళి, తమ్ముని పేరు ప్రక్కన జబ్బు పేరు వ్రాస్తానని అడిగాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి లోపలికి వెళ్ళి, తన కళ్ళజోడు, కలము తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నా అక్షరాలు వంకర. నీవే వ్రాయి చెల్లెమ్మా. తరువాతివాళ్ళు చదవాలి కదా” అన్నాడు.

వ్రాశాను.